ఒగ్గీమని చెప్పలేదు

వేట నిషేధం ఇవాళ అర్ధరాత్రితో సరి.
హార్బర్లో బోట్లు కొత్త రంగులేసుకుని
గంగమ్మకి కొబ్బరికాయలు కొట్టించుకుని
ఐసు కోసం నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.
నా బండి మాత్రం
రాస్ హిల్ కింద వాలు సందులో
వెనక కాళ్ళు పాతేసినట్టు నిలబడిపోయింది.

తాళం తిప్పితే ఇంజను పలికింది.
హ్యాండ్ బ్రేకు దించితే
బుద్ధిగా తల వంచింది.
చక్రాలకి ఆ కబురు అందలేదు.
మొదటి గేరులో ముక్కు ఎత్తి మూలిగింది,
అంతే.

ఐసు బండి నాది.
పద్దెనిమిదేళ్ళు నెత్తిన గంప, ఆరేళ్ళుగా చేతిలో స్టీరింగు.
గడ్డకట్టడం అంటే ఏమిటో నాకొకరు చెప్పక్కర్లేదు.
కానీ మంచు ఎరగని ఊళ్ళో
జాకెట్టు వీపుకి అంటుకుపోయే జూన్ పొద్దున్న
ఇలా బిగుసుకుపోవడం
నీళ్ళ పని కాదు.
గాలి పని.

ఉప్పుగాలి మా పేటలో అందరికీ చుట్టమే.
కిటికీ ఊచలు కొరుకుతుంది, గొళ్ళేలు నములుతుంది.
పోర్టు నుంచి నల్లదుమ్ముని తోడు తెచ్చుకుని
రెండు నెలలు నా బ్రేకు డ్రమ్ముల్లో కాపురం పెట్టింది.

తలుపు తీసింది నేనే.
పోయినేడు ఇదే వాలులో బండి తనంతట తాను బయల్దేరి
ఎల్లాజీ ఇడ్లీ బండిని డొక్కలో పొడిచింది.
సాంబారు సందంతా పారింది.
నాలుగు వేలు కట్టాను, అంతకు మించి మాటలు పడ్డాను.
అప్పట్నుంచి బ్రేకుని రెండు చేతుల్తో లాగుతాను,
కర్ కర్ కర్మని, ఇంక పళ్ళు లేవు అనేదాకా.
నిద్రలో కూడా నా ఎడంచెయ్యి దేన్నో పైకి లాగుతుందట.
మా చిన్నది చెప్పి నవ్వుతుంది.

పరదేశి వచ్చాడు.
పేరుకే పరదేశి, కాన్వెంట్ జంక్షన్ దాటి స్పానరు పట్టిందే లేదు.
నేను యాక్సిలేటరు తొక్కబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.
"బలం సూపకమ్మా. కేబులు తెగిపోతాది."
ముందు చక్రాలకి అటూ ఇటూ రాళ్ళు పెట్టాడు,
జానెడు చోటు వదిలి.
కింద దూరి నూనె పోసి, బయటికొచ్చి,
గోడకి ఆనుకుని ఊరికే కూర్చున్నాడు.
"ఏటి కూకున్నావు?"
"నూని నడవాల గదా."

పావుగంట. హార్బర్ నుంచి ఫోను మీద ఫోను.

తర్వాత చిన్న సుత్తితో డ్రమ్ము చుట్టూ
డాక్టరు రొమ్ము మీద వేళ్ళానించి కొట్టినట్టు
టక్కు. టక్కు. చెవి పెట్టి విని, మళ్ళీ టక్కు.
"దీని తప్పేటి లేదమ్మా.
అట్టుకోమన్నావు, అట్టుకుంది.
అరవై ఒక్క రోజులు ఎండకీ వానకీ అట్టుకునే ఉంది.
ఒగ్గీమని సెప్పడానికి నువ్వొక్కపాలైనా రాలేదు."

రొయ్యల షెడ్డులో తలకాయలు తుంచుతూ
బండి భద్రంగా ఉందనుకునే
ఆ రెండు నెలలూ నిద్రపోయాను నేను.

వెనక గేరు, కొంచెం. ముందు గేరు, కొంచెం.
ఊయల ఊపినట్టు. మళ్ళీ వెనక్కి.
లోపలెక్కడో ఒక్క చప్పుడు,
పళ్ళు బిగబట్టుకున్న మనిషి నోరు తెరిచినట్టు.
ఇడ్లీ కారంలా ఎర్రటి పొడి రాలింది రోడ్డు మీద.
బండి కదిలింది.
జానెడే.

అప్పటిదాకా తన బండిని గోడవారకి జరుపుకుని
చూస్తూ నిలబడిన ఎల్లాజీ
లోపలికెళ్ళి విరిగిన పాత పొత్రం ఒకటి తెచ్చి
నా సీటు కింద పడేశాడు.
"గేర్లో ఎట్టి, సక్రం కింద ఇది ఎట్టు.
నా జోలికి రాకు."

రాత్రి పదకొండింటికి హార్బర్.
ఐసు దిమ్మలు దించుతున్నారు, నీళ్ళు నా చెప్పుల్లోకి కారుతున్నాయి.
బండి ఆపగానే అలవాటుగా
ఎడంచెయ్యి లేచింది, కాసేపు గాల్లోనే ఉంది.
తెచ్చి ఒళ్ళో పెట్టుకున్నాను.

పన్నెండు దాటాక
బోట్లు ఒక్కొక్కటే తాళ్ళు ఒగ్గీసుకుని వెళ్ళాయి.
చక్రం కింద పొత్రం
ఇంకా మినప్పిండి వాసనేస్తోంది.